హంపి, గండికోట, శ్రీశైలం సరే, కర్నూల్లో ఎందుకు దిగరు?

మా ఆఫీసులో వరసగా మూడు రోజులు సెలవు వస్తోందంటే రెండు వారాల ముందే చర్చ మొదలవుతుంది. ఒకరు హంపి అంటారు. ఒకరు గండికోట అంటారు. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు శ్రీశైలం అంటారు. నేను కర్నూలు అంటాను, అందరూ నవ్వుతారు. "నీకేం, అత్తగారిల్లు. రూము ఖర్చు లేదు, భోజనం ఖర్చు లేదు" అని ఒకరు, "కొండారెడ్డి బురుజు తప్ప అక్కడేముంది?" అని ఇంకొకరు.

మొదటి మాటకు నా దగ్గర జవాబు లేదు, అది నిజమే. రెండో మాటకు మాత్రం ఉంది. పన్నెండేళ్లుగా ఆ ఊరి అల్లుణ్ణి. మొదటి నాలుగేళ్లు నేను కూడా బురుజు చూసేసి, మధ్యాహ్నం నిద్రపోయి, ఆదివారం సాయంత్రం బండెక్కి వచ్చేసినవాణ్ణే. తర్వాత పిల్లలు కాస్త పెద్దయ్యారు, ఇంట్లో కూర్చోబెట్టడం కుదరక ఒక్కో దిక్కుకూ తిప్పడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ ఆ ఊరిని తప్పు కొలతతో కొలిచానని.

హైదరాబాద్ నుంచి బయల్దేరి రెండు రాత్రులు, కుదిరితే మూడో రాత్రి కూడా గడిపి రావాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు దూరాలు మారతాయి కానీ లెక్క దాదాపు ఇదే.

ముందు ఆ మూడింటి సంగతి

హంపితో ఎవరికీ పేచీ లేదు. 1986లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విఠ్ఠలాలయం రాతి రథం యాభై రూపాయల నోటు మీద ఉంది. మాతంగ పర్వతం మీద సూర్యోదయం ఒక్కసారి చూసినవాళ్లు జన్మలో మరిచిపోరు. కానీ హైదరాబాద్ నుంచి రోడ్డు మీద ఏడెనిమిది గంటలు పడుతుంది. అంటే మూడు రోజుల్లో రెండు సగం రోజులు కారులోనే పోతాయి. మిగిలిన కాలంలో ఆ రాళ్ల మధ్య, నీడ లేని చోట, కిలోమీటర్లకొద్దీ నడవాలి. మా అత్తగారిని ఒకసారి తీసుకెళ్లాం. విరూపాక్ష ఆలయం దాకా బాగానే వచ్చారు, ఆ తర్వాత ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ కూర్చుని "మీరు చూసి రాండి" అన్నారు. హంపి రెండు రాత్రుల ఊరు కాదు, నాలుగు రాత్రుల ఊరు. అన్ని రోజులు చేతిలో ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి అక్కడికే వెళ్లండి.

గండికోట వేరే కథ. పెన్నా నది కొండను కోసుకుంటూ వెళ్లిన లోయ, దాని అంచున పెమ్మసాని నాయకుల కోట, లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం. ఫోటోల్లో ఎంత బాగుంటుందో ఎదురుగా అంతకన్నా బాగుంటుంది. అయితే లోయ అంచు, కోట కలిపి తాపీగా చూసినా ఒక పూట పని. సూర్యోదయం కోసం రాత్రి అక్కడే ఉండాలి, ఉండటానికి ఉన్నవే కొద్ది గదులు, కాకపోతే గుడారాలు. మేం ఒక డిసెంబరు ఆఖర్లో గుడారం బుక్ చేసుకుని వెళ్లాం. నక్షత్రాలు చూద్దామని వెళ్తే తెల్లవారుజామున రెండింటి దాకా పక్క గుడారంవాళ్ల స్పీకర్లు విన్నాం. దుప్పట్లు ఇస్తామన్నవాళ్లు ఇవ్వలేదు. అది గండికోట తప్పు కాదనుకోండి. చెప్పొచ్చేదేమంటే, మామూలుగా హైదరాబాద్ నుంచి గండికోటకు వెళ్లేవాళ్లు కర్నూలు మీదుగానే వెళ్తారు, అక్కడ టిఫిన్ చేసి మరీ వెళ్తారు. ఆ ఊళ్లో దిగరంతే.

శ్రీశైలం మొక్కు ఉన్నవాళ్లకు మారుమాట లేదు. మల్లన్న పిలిచినప్పుడు వెళ్లాల్సిందే. నల్లమల ఘాట్ రోడ్డు బాగుంటుంది, వానాకాలంలో డ్యామ్ గేట్లు ఎత్తితే ఇంకా బాగుంటుంది. కానీ అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు, ఆఫీసు అయ్యాక బయల్దేరేవాళ్లకు ఆ లెక్క కుదరదు. కార్తీక మాసంలోనో, వరస సెలవుల్లోనో వెళ్తే దర్శనం లైనులోనే ఒక పూట గడిచిపోతుంది. అది యాత్ర, విహారం కాదు. రెండూ ఒకటే అనుకుని వెళ్లినవాళ్లే తిరిగొచ్చి సణుగుతారు.

కర్నూలు ఊరు, ఉన్నది ఉన్నట్టు

ఇప్పుడు నా ఊరి వంతు. ముందే చెప్పేస్తాను, అది అందమైన ఊరు కాదు. దుమ్ముంటుంది. ఆటోల హారన్లుంటాయి. తుంగభద్ర ఒక పక్క, హంద్రీ ఇంకో పక్క ఉన్నా, ఒడ్డున కూర్చుని సాయంత్రం గడపాలంటే మనసొప్పదు. హంద్రీ అయితే ఏడాదిలో ఎక్కువ రోజులు నది అన్న పేరుకే. ఆ హంద్రీ, తుంగభద్ర రెండూ కలిసి 2009 అక్టోబరులో పాతూరి కింది అంతస్తులన్నీ ముంచేశాయి. మా మామగారింట్లో గోడ మీద నీళ్లు నిలిచిన గీత ఇప్పటికీ ఉంది, సున్నం వేసినా ఆ గీత మాత్రం వదిలేస్తారు. వచ్చినవాళ్లకు అదే మొదట చూపిస్తారు, బురుజు తర్వాత.

కొండారెడ్డి బురుజు ఊరి నడిబొడ్డున ఉంటుంది. విజయనగర రాజుల కాలం నాటి కోటలో మిగిలిన ముక్క. దాని కింది నుంచి తుంగభద్ర అడుగున గద్వాల కోట దాకా సొరంగం ఉందని ఊరంతా చెబుతుంది. నేను చూడలేదు, చూశామన్నవాళ్లు కూడా తగల్లేదు. పైకెక్కితే పాత బజారు మొత్తం కనిపిస్తుంది. అరగంట చాలు.

దానికన్నా నాకు ఇష్టమైనది హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. బీజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలును ఏలినవాడు. పదిహేడో శతాబ్దపు కట్టడం. ఊళ్లోవాళ్లు గోల్ గుమ్మజ్ అంటారు. మన హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఎప్పుడూ జనమే, ఇక్కడ ఆ గుమ్మటం కింద మధ్యాహ్నం మీరూ పావురాలూ తప్ప ఎవరూ ఉండరు. కర్నూల్లో పుట్టి పెరిగిన మా బావమరిదే నాతో పాటు మొదటిసారి లోపలికొచ్చాడు.

ఊరి గురించి ఇంకొక్క సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని ఇదే. ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు. ఆఫీసులకు భవనాలు చాలక గుడారాలు వేశారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాద్‌కు వెళ్లిపోయింది. మా ఆవిడ తాతగారు ఆ గుడారాల్లో గుమాస్తా. ఎండాకాలం ఫైళ్ల మీద చెమట పడి సిరా అలుక్కుపోయేదని, గాలొస్తే ముందు కాగితాలు పట్టుకోవాలా, గుడారం తాడు పట్టుకోవాలా తెలిసేది కాదని చెప్పేవారట. ఆ గుర్తుగా ఊళ్లో చూడటానికి ఇప్పుడు పెద్దగా ఏమీ మిగల్లేదు. అందుకే టూరిస్టు మ్యాపులో ఇది ఉండదు.

మొత్తం కలిపి ఊరు సగం రోజు. "చూశావా, నువ్వే ఒప్పుకున్నావు" అంటారు మా ఆఫీసువాళ్లు. ఒప్పుకున్నాను. కానీ కర్నూలుకు వెళ్లేది కర్నూలు చూడటానికి కాదు. అక్కడ పడుకుని, పొద్దున్నే లేచి, రోజుకో దిక్కుకు వెళ్లి, రాత్రికి తిరిగి వచ్చి వేడి భోజనం చేయడానికి. సామాను ఒక్కసారే దించుతాం, రెండు రాత్రులూ ఒకే గది. పిల్లలున్న ఇంట్లో ఆ ఒక్క సౌకర్యం విలువ ఎంతో తల్లులను అడగండి.

ఉత్తరాన: అలంపురం

హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడే, తుంగభద్ర వంతెన దాటకముందే అలంపురం చౌరస్తా వస్తుంది. అక్కడ హైవే దిగితే పావుగంటలో ఊళ్లో ఉంటాం. కర్నూలు నుంచి లెక్కేస్తే పాతిక కిలోమీటర్లు.

జనం వెళ్లేది జోగులాంబ అమ్మవారి కోసం. అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదవది. పాత గుడి పద్నాలుగో శతాబ్దపు దాడుల్లో పోయింది, అమ్మవారిని చాలా కాలం బాలబ్రహ్మ ఆలయంలోనే పూజించారు, ఇప్పుడున్న గుడి 2000ల్లో కట్టింది. దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం తిని, చాలామంది అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. అసలు చూడాల్సినవి పక్కనే ఉన్న నవబ్రహ్మ ఆలయాలు.

బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన తొమ్మిది గుళ్లు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని పేర్లు, చివర అన్నిటికీ బ్రహ్మ. లోపల ఉన్నది మాత్రం శివలింగాలే. శిఖరాలు చూడండి, మన గుళ్లలా మెట్లు మెట్లుగా ఉండవు, కింది నుంచి పైకి వంపు తిరిగి ఒరిస్సా గుళ్లలా లేస్తాయి. దక్షిణాదిలో ఇంత పాత కాలంలో, ఒకే ఆవరణలో, ఇన్ని ఉత్తరాది తరహా శిఖరాలు ఇంకెక్కడ చూస్తాం? స్వర్గబ్రహ్మ గోడల మీది శిల్పాలకు ఒక గంట కేటాయించండి. హంపి కన్నా ఆరేడు వందల ఏళ్లు పాతవి. మేం పోయిన జనవరిలో వెళ్లినప్పుడు ఆ ఆవరణలో మాతో పాటు ఉన్నది ఒక కాలేజీ జంట, గడ్డి కోస్తున్న ఒకాయన.

పక్కనే ఇంకో విచిత్రం ఉంది. శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు కృష్ణ, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లి సంగమేశ్వరాలయం మునిగిపోతుందని తెలిసి, దాన్ని రాయి రాయి విడదీసి, అంకెలేసి, తీసుకొచ్చి అలంపురం దగ్గర మళ్లీ కట్టారు. పాపనాశి గుళ్లు కూడా అలా తరలివచ్చినవే. ఏ రాయి ఎక్కడిదో గుర్తుపెట్టుకుని అంత పెద్ద గుడిని మళ్లీ నిలబెట్టడం ఎంత పనో, ఆ పునాది వరసలు చూస్తే తెలుస్తుంది. మా చిన్నాడికి శిల్పాలు పట్టలేదు కానీ "గుడిని లారీలో తెచ్చారా నాన్నా?" అని ఆ రోజంతా అడుగుతూనే ఉన్నాడు.

కర్నూలు పేరుకూ ఈ అలంపురానికీ ఒక కథ ఉంది. అలంపురం గుళ్లకు రాళ్లు తోలే బండ్లవాళ్లు నది దాటే ముందు ఈ ఒడ్డున ఆగి ఇరుసులకు కందెన రాసుకునేవారట. అందుకే కందెనవోలు, అదే కందనవోలు, చివరికి కర్నూలు. అప్పట్నుంచీ ఇది దారిలో ఆగే ఊరే అన్నమాట.

దక్షిణాన: యాగంటి, బెలూం

ఇది పూర్తి రోజు పని. ఉదయం ఆరున్నరకు బయల్దేరాలి. నంద్యాల రోడ్డు పట్టుకుని, పాణ్యం దగ్గర తిరిగి బనగానపల్లె. అవును, మామిడిపండు బనగానపల్లే. మే నెలలో వెళ్తే రోడ్డు పక్కన బుట్టలు కనిపిస్తాయి. యాగంటి అక్కడికి దగ్గరే.

యాగంటిలో శివుడు లింగ రూపంలో కాదు, ఉమామహేశ్వరుల విగ్రహ రూపంలో ఉంటాడు. ఎర్రటి కొండల కింద గుడి, అగస్త్య పుష్కరిణిలో ఎండాకాలం కూడా నీళ్లు. బసవన్న పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి మాటగా చెప్పుకుంటారు. ఒకప్పుడు ఆ నంది చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు స్తంభాలకు ఆనుకునేంతగా పెరిగిందని మా అత్తగారు గట్టిగా అంటారు. అగస్త్యుడి శాపం వల్ల కాకులు రావని కూడా అంటారు. పిల్లలకు పని దొరుకుతుంది, కాకి కనిపిస్తుందేమోనని ఆకాశం వైపే చూస్తుంటారు. కొండలో గుహలున్నాయి, మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను కిందే కూర్చోబెట్టండి.

అక్కడి నుంచి అవుకు మీదుగా కొలిమిగుండ్ల వైపు వెళ్తే బెలూం గుహలు. పైనుంచి చూస్తే ఏమీ ఉండదు, మామూలు చేను. చేలో ఒక గుంత. ఆ గుంతలోంచి దిగితే మూడు కిలోమీటర్ల పైన, అంటే 3,229 మీటర్ల గుహ. అందులో కిలోమీటరున్నర దాకా జనాన్ని వెళ్లనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, ఆ తర్వాత వందేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 1980ల్లో జర్మన్ల బృందం ఒకటి వచ్చి కొలిచింది, 2002లో జనానికి తెరిచారు. లోపల నల్ల సున్నపురాయిని నీళ్లు కోసిన తీరు చూడాలి. గోడలు కోసినట్టు ఉండవు, పారుతున్న నీళ్లు అలాగే గడ్డకట్టినట్టుంటాయి. కోటిలింగాలు, వేయి పడగలు, ఊడలమర్రి, అన్నిటికన్నా లోతున పాతాళగంగ. సప్తస్వరాల గుహలో రాతిని తడితే చప్పుడు మారుతుంది, కానీ తట్టనివ్వరు. తట్టనివ్వకపోవడమే మంచిది.

ఒక హెచ్చరిక. లోపల చల్లగా ఉంటుందనుకుని వెళ్తారు. చల్లగా ఉండదు. ఉక్కపోత. పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. కొన్ని చోట్ల వంగి నడవాలి, ఇరుకులంటే భయమున్నవాళ్లకు టెన్షన్ వస్తుంది. మా ఆవిడ చెల్లెలు సగం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది, బయట మజ్జిగ తాగుతూ మాకోసం కూర్చుంది. నీళ్ల సీసా, చేతిరుమాలు, జారని చెప్పులు. అంతే చాలు.

అరకు దగ్గరి బొర్రా గుహలతో పోలిస్తే ఏది బాగుంటుందని అడుగుతారు. బొర్రా ఎత్తు, బెలూం పొడవు. బొర్రాలో నిలబడి పైకి చూస్తాం, బెలూంలో నడుస్తూ పోతాం. నాకు బెలూమే ఇష్టం. రంగురంగుల లైట్లు మాత్రం రెండు చోట్లా తీసేస్తే బాగుండు.

తిరిగి వచ్చేటప్పుడు బేతంచెర్ల మీదుగా రండి. మన ఇళ్లలో నేల మీద పరిచిన నాపరాళ్లలో చాలా ఈ చుట్టుపక్కల గనులవే. రోడ్డు పక్కన బండలు పేర్చి ఉంటాయి, మీ ఇంటి వంటగది నేల ఎక్కడిదో ఇన్నాళ్లకు చూస్తారు. సాయంత్రం ఐదుకల్లా ఓర్వకల్లు చేరితే రాతి వనాల్లో గంట గడపొచ్చు. ఎవరో పెద్ద పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టుంటాయి, మధ్యలో నీటి మడుగు. అక్కడి నుంచి ఊళ్లోకి అరగంట.

ఇంకా టైముంటే

సంగమేశ్వరం. అలంపురానికి తరలించిన గుడి కాదు, ఇది వేరు. ఏడు నదులు కలిసే చోటు అని పేరు. వేపమొద్దు శివలింగం. శ్రీశైలం జలాశయంలో మునిగి ఉంటుంది, నీళ్లు తగ్గినప్పుడే, అంటే ఎండాకాలంలో కొన్ని నెలలు బయటపడుతుంది. నీళ్లు మళ్లీ చుట్టుముట్టే వేళ పూజారి పడవలో వెళ్లి ఆఖరి పూజ చేసి వస్తారు. వేసవిలో కర్నూలు వెళ్లాల్సి వస్తే దాని కోసమే వెళ్లండి, లేకపోతే ఆ ఎండలో వెళ్లడానికి వేరే కారణం లేదు.

ఇంకొకటి పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రమే. పత్తికొండ దాటి గుత్తి రోడ్డులో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. బండరాళ్ల మీద బ్రాహ్మీ అక్షరాలు. ఒక శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, వాటి పక్క వరసలు కుడి నుంచి ఎడమకు చెక్కారు, ఎద్దులతో చేను దున్నినట్టు. ఆ రాతి ముందు నిలబడితే నాకు ఒళ్లు పులకరించింది. మా ఆవిడ కారు దిగలేదు. అదే పక్క జొన్నగిరి, తుగ్గలి. జూన్‌లో తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాల కోసం వెతుకుతారు. పేపర్లో ప్రతి ఏడూ వార్త వస్తుంది. మేం ఒకసారి వెళ్లి రెండు గంటలు వెతికి చెప్పులకు కిలో బురద తెచ్చుకున్నాం.

దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవం చూద్దామని కొందరు అడుగుతుంటారు. కర్రలతో తలలు పగులుతాయి, పిల్లలతో వద్దు.

తిండి

ఈ ఒక్క విషయంలో మిగతా మూడు ఊళ్లూ పోటీకే రావు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ఉగ్గాని అంటే తెలియనివాళ్లకు: బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో తడిపి, ఆ నీళ్లు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాళింపులో వేసి, పుట్నాలపప్పు పొడి చల్లి, నిమ్మకాయ పిండుతారు. ఆకులో వేసి ఇస్తారు, పక్కన బజ్జీ తప్పనిసరి. బజ్జీ లేకుండా ఉగ్గాని అడిగితే "ఒట్టి ఉగ్గానా?" అని ఒకసారి తలెత్తి చూస్తారు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, గుత్తొంకాయ, చెనిక్కాయల పచ్చడి. రాత్రి రాగి సంగటి, నాటుకోడి పులుసు. పండగ రోజుల్లో ఇళ్లలో ఓళిగలు, పైన నెయ్యి. ఎండాకాలంలో నన్నారి సోడా. మా మామగారు పొద్దున్నే మేం హడావిడిగా బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి "యాడికి పోతారప్పా ఇంత పొద్దున, ముందు తినండి" అంటారు. గుహలు పదివేల ఏళ్లుగా అక్కడే ఉన్నాయి, ఇంకో అరగంట ఉంటాయి అని ఆయన లెక్క.

కారం ఎక్కువ. పిల్లలకు ముందే చెప్పి తగ్గించమనండి.

కర్నూలు ఎక్కడ ఓడిపోతుంది

ఎండ. మార్చి రెండో వారం నుంచి జూన్ దాకా బయట తిరగలేరు. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం, ఆగస్టు, సెప్టెంబరు పరవాలేదు.

సొంత బండి లేకపోతే కష్టం. కర్నూలు దాకా రైలు సుఖంగా ఉంటుంది, కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వెళ్లే వందే భారత్ కూడా ఆగుతుంది. అక్కడి నుంచి యాగంటికి, బెలూంకు బస్సులు మారి వెళ్లాలి, ఒకే రోజులో రెండూ కుదరవు. స్టేషన్‌లో దిగి రోజుకు కారు మాట్లాడుకోవడం మేలు.

రాత్రిళ్లు చేయడానికి ఏమీ ఉండదు. కేఫ్‌లో కూర్చుని నది చూడటం కావాలంటే హంపి. గుడారం, చలిమంట కావాలంటే గండికోట. కొత్తగా పెళ్లైన జంట నన్ను సలహా అడిగితే కర్నూలు చెప్పను, చెప్పి తిట్లు తినను.

ఇంకో వాదన కూడా విన్నాను. "నువ్వు చెప్పినవి సగం కర్నూలు జిల్లాలోనే లేవు కదా" అని. అలంపురం తెలంగాణలో, జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. యాగంటి, బెలూం, సంగమేశ్వరం, ఆ మాటకొస్తే శ్రీశైలం కూడా, 2022లో ఏర్పడ్డ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. నిజమే. కానీ సెలవుపై వచ్చినవాళ్లు కలెక్టరేటు చూడటానికి రారు కదా. అన్నిటికీ అందుబాటులో, మంచి తిండి దొరికే, రైలూ హైవే రెండూ ఉన్న ఊరు ఏదంటే ఇదే. నంద్యాలలో దిగితే బెలూం దగ్గరవుతుంది, అలంపురం దూరమవుతుంది. అహోబిలం కూడా మీ జాబితాలో ఉంటే మాత్రం నంద్యాలలోనే దిగండి, కర్నూలు నుంచి ఒక రోజులో వెళ్లి రావడం ఒళ్లు హూనం.

ఎవరు ఎటు

మీరు ఇద్దరే, నడవగలరు, నాలుగు రోజులుంది: హంపి. ఫోటోలు తీసే పిచ్చి, ఒక్క రాత్రే ఉంది, డిసెంబరు ఆఖరు వారం కాదు: గండికోట. మొక్కుంది: శ్రీశైలం, వారం మధ్యలో.

ఇంట్లో ఏడేళ్ల పిల్లాడు, అరవై అయిదేళ్ల అమ్మ, గుళ్లంటే ఆసక్తి లేని తమ్ముడు, చరిత్ర పిచ్చి ఉన్న మీరు, అందరూ ఒకే కారులో ఉన్నారనుకోండి. అమ్మకు జోగులాంబ, యాగంటి. పిల్లాడికి గుహ, ఓర్వకల్లు. తమ్ముడికి నాటుకోడి. మీకు స్వర్గబ్రహ్మ గోడలు. మా ఆఫీసులో నా మాట విని వెళ్లింది ఇలాంటి ఒక్క కుటుంబమే. వాళ్లు తిరిగొచ్చాక నా దగ్గరకొచ్చి అడిగింది ఉగ్గాని ఎలా చేయాలని. మా ఆవిడ నంబరిచ్చాను.

శుక్రవారం సాయంత్రం బయల్దేరితే రాత్రి పదకొండుకు కర్నూలు. శనివారం ఆరున్నరకు యాగంటి, బెలూం, సాయంత్రం ఓర్వకల్లు. ఆదివారం పొద్దున ఉగ్గాని తిని బురుజు, గుమ్మజ్, పదింటికి ఊరు వదిలి దారిలోనే అలంపురం. మూడో రోజు సోమవారం సెలవైతే ఆదివారం రాత్రి కూడా ఉండి, ఊరు తాపీగా చూసి, అలంపురం సోమవారానికి పెట్టుకోండి. ఏ రోజైనా అలంపురం నుంచి మధ్యాహ్నం రెండు దాటకముందే కదలండి. సెలవు ఆఖరి సాయంత్రం షాద్‌నగర్ దాటాక హైదరాబాద్ దాకా బండ్లు ఒకదాని వెనక ఒకటి పాకుతుంటాయి, వాటిలో సగం హంపి నుంచో గండికోట నుంచో వచ్చేవే.